రాయగడలో నడుస్తున్న టీ మెషిన్ల లైను కొన్నాను: ధర ఎలా తేల్చానంటే

అడిగిన ధర 6,50,000. ఒడిశాలోని రాయగడ ఊళ్లో, జేకేపూర్‌లో, తేరుబలి రోడ్డు మీద కలిపి 11 టీ, కాఫీ వెండింగ్ మెషిన్లు. నెలకు 31,000 మిగులుతుందని, 21 నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందని అమ్మే ఆయన లెక్క. చివరికి 1,80,000కి తీసుకున్నాను. ఈ రెండు అంకెల మధ్య దూరం బేరమాడి తగ్గించింది కాదు, లెక్కపెడితే తగ్గింది. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

లైను అంటే వేర్వేరు చోట్ల పెట్టి నడిపే మెషిన్ల వరస. దాన్ని కొంటున్నామంటే కొనేది మెషిన్లు మాత్రమే అనుకోకూడదు. మెషిన్ ఎవడైనా కొత్తది తెచ్చుకోగలడు. మన డబ్బు ఎక్కువ పోయేది పాయింటు మీద, అంటే ఆ షావుకారు తన కొట్లో ఆ మూల మనకిచ్చిన చోటు మీద. చాలా లైన్లలో ఆ చోటుకు కాగితం ఉండదు, నోటిమాటే ఉంటుంది. ఆ మాట కూడా పాత యజమానికి ఇచ్చినదే, మనకు కాదు.

ముందుగా పాయింట్లను రెండు రకాలుగా విడదీశాను. ఒక రకంలో మెషిన్ మనది, అందులో వేసే టీ, కాఫీ పొడిని షాపు వాళ్లు మన దగ్గర కొంటారు, కప్పు ఎంతకు అమ్ముకుంటారో వాళ్ల ఇష్టం. మనకు వచ్చేది కిలో మీద మార్జిను. రెండో రకంలో మెషిన్‌కు క్యూఆర్ ఉంటుంది, కప్పు 10 రూపాయలు మన ఖాతాలో పడుతుంది, చోటు ఇచ్చినవారికి కప్పుకు రూపాయిన్నర కమీషన్. 11లో రెండు మెషిన్లు షెడ్డులో పడి ఉన్నాయి. నడిచేవి 9: పొడి పాయింట్లు 5, కప్పు పాయింట్లు 4. అమ్మే ఆయన రెండు రకాలూ కలిపి ఒకే ఆదాయంగా చూపించారు. కలిపి చూపిస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

కప్పు పాయింట్లలో రోజుకు 300 కప్పులు పోతాయని చెప్పారు. పొడి బిల్లులు అడిగితే వెంటనే ఇచ్చారు. పన్నెండు నెలల సగటు నెలకు 205 కిలోలు. షాపులకు అమ్మేది 110 కిలోలు. కప్పుకు 12 గ్రాములు చొప్పున నెలకు 9,000 కప్పులకు 108 కిలోలు. మొత్తం 218. బిల్లులకూ చెప్పిన మాటకూ పెద్ద తేడా లేనట్టే కనబడింది. చాలామంది ఇక్కడే సరే అనేస్తారు.

నేను నీళ్ల క్యాన్ల లెక్క కూడా అడిగాను. 20 లీటర్ల క్యానుకు 90 మిల్లీలీటర్ల కప్పులు కాగితం మీద 222 వస్తాయి. కడుగుడుకు పోయేది తీస్తే 200 అనుకోవచ్చు. నెలకు 9,000 కప్పులంటే 45 క్యాన్లు పట్టాలి. క్యాన్లు వేసే కుర్రాడి పుస్తకంలో ఆ నాలుగు పాయింట్లకు కలిపి 26 ఉన్నాయి. నీళ్ల పుస్తకం అబద్ధం చెప్పదు. ఎందుకంటే దాన్ని ఎవరూ ఎవరికీ చూపించడానికి రాయరు.

తర్వాత మెషిన్ కౌంటర్లు. సర్వీస్ మెనూలో మొత్తం కప్పుల సంఖ్య ఉంటుంది. కొన్ని మోడళ్లలో దాన్ని సున్నాకు తిప్పేయొచ్చు, కాబట్టి ఒక్కసారి చూసి నమ్మకూడదు. ఫిబ్రవరిలో మొదటి రోజు నాలుగు మెషిన్ల రీడింగులు ఫోటో తీశాను, సరిగ్గా 14 రోజులకు మళ్లీ తీశాను. తేడా 2,410. అంటే రోజుకు 172, నెలకు 5,160. ఇందులో వట్టి వేడినీళ్లు పట్టుకున్నవి, శుభ్రం చేశాక పరీక్షకు తీసినవి కూడా ఉంటాయి. వాటికి నూటికి ఐదు తీసేస్తే 4,900. తీసెయ్యక ముందు ఉన్న 5,160 కప్పులు 26 క్యాన్లకు దాదాపు సరిపోయాయి.

మరి మిగతా పొడి ఎటు పోయింది? 4,900 కప్పులకు 59 కిలోలు, షాపులకు 110, కాస్త వృథా కలిపితే 171. బిల్లుల్లో 205. ఆ 34 కిలోలు పెళ్లిళ్ల వంటవాళ్లకు విడిగా పోయేవి. ఆ బేరం ఆయన పరిచయం మీద నడిచేది, లైనుతో పాటు మనకు రాదు. అందుకే పొడి బిల్లు ఒక్కటే పట్టుకుని ధర కట్టొద్దు. పొడి, నీళ్లు, కౌంటరు మూడూ ఒకచోట కలవాలి. క్యూఆర్ ఖాతా స్టేట్‌మెంటు నాలుగో సాక్ష్యం. కానీ చిల్లర, టోకెన్లు ఉన్నచోట అది సగం కథే చెబుతుంది.

ఎప్పుడు లెక్కపెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. డిసెంబరు, జనవరిలో ఇక్కడ చలికి టీ బాగా పోతుంది, మే నెల ఎండల్లో పడిపోతుంది. బిల్లులు నెలవారీగా పరిచి చూస్తే ఫిబ్రవరి సంవత్సరపు సగటుకు దగ్గరగా ఉంది, అందుకే దాన్ని సవరించకుండా వాడాను. చలికాలంలో లెక్కపెడితే మాత్రం ఆ నెల బిల్లుకు, పన్నెండు నెలల సగటుకు ఉన్న నిష్పత్తిలో తగ్గించుకోవాలి.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటి ఉంది: కప్పులో పడే పొడి బరువు. పొడి, నీళ్లు కలిసే మిక్సింగ్ బౌల్ తీసి పక్కన పెట్టి, నీళ్ల లైను ఆపి, పొడి పడేచోట చిన్న గిన్నె పెట్టి పదిసార్లు బటన్ నొక్కాలి. గ్రాముల త్రాసు మీద తూచి పదితో భాగించాలి. మూడు మెషిన్లలో 12 గ్రాముల చుట్టుపక్కల వచ్చింది. ఆసుపత్రిలోని మెషిన్‌లో 9 వచ్చింది. పొడి మోటారు తిరిగే సమయాన్ని సెట్టింగులో తగ్గించి ఉంచారు. పొడి కిలో 340 కాబట్టి కప్పుకు రూపాయి మిగులు ఎక్కువ కనబడుతుంది, కానీ ఆ నీళ్ల టీ తాగినవాళ్లు మెల్లగా బయటి కొట్టుకు అలవాటు పడతారు. లెక్కలన్నీ 12 గ్రాముల మీదే వేసుకున్నాను.

ఇప్పుడు కప్పు లెక్క. పొడి 4.08, పేపర్ కప్పు 0.55, నీళ్లు 0.15 (క్యాను 30 రూపాయలు), కమీషన్ 1.50, వృథా 0.20. మొత్తం 6.48. పది రూపాయల్లో మిగిలేది 3.52. కరెంటు బిల్లు చోటు ఇచ్చినవారిదే. అది మనం భరించాల్సిన పాయింటైతే ఇలా చూడండి: వంద కప్పుల నీళ్లు కాగడానికి ముప్పావు యూనిట్టు లోపే పడుతుంది, దాని మీద రోజంతా ట్యాంకును వేడిగా నిలిపి ఉంచడానికి పోయేది అదనం. రాత్రి మెయిన్ ఆపించడం అందుకే.

4,900 కప్పుల మీద 17,248. పొడి పాయింట్లలో 340కి కొని 430కి అమ్మితే కిలోకు 90, 110 కిలోల మీద 9,900. రెండూ కలిపి 27,148.

అమ్మే ఆయన లెక్క 300 కప్పులతో వేసుకున్నది. తన పనికి జీతం వేసుకోలేదు. నేనే తిరిగినా, మనిషిని పెట్టినా ఆ ఖర్చు ఉన్నట్టే. పూటపని కుర్రాడికి 7,000. ఒక చుట్టు 60 కిలోమీటర్లు, నెలకు 9 చుట్లు, బండి లీటరుకు 45 ఇస్తే 12 లీటర్ల పెట్రోలు, 1,224. మెషిన్‌కు నెలకు 350 చొప్పున తొమ్మిదింటికి రిపేరు 3,150. క్యూఆర్ పరికరాల సిమ్‌లకు 600. అప్పు ఇచ్చిన పొడిలో రానిబాకీ నూటికి మూడు, 1,419. ఇవన్నీ పోగా చేతికి వచ్చేది 13,755. ఈ లెక్కన 6,50,000 తిరిగి రావాలంటే 47 నెలలు. అప్పటికి ఈ మెషిన్లలో సగం పాతసామాన్ల కాటాకు వెళ్తాయి.

350 రూపాయల రిపేరు ఎక్కువని కొందరు అన్నారు. నేను ఒక్కో మెషిన్ విప్పి చూసి వేసిన అంకె అది. మిక్సింగ్ బౌల్ వెనుక ఉన్న సీలు అరిగితే పాలపొడి కలిసిన నీళ్లు మోటారు ఇరుసులోకి దిగి గడ్డకడతాయి, మోటారు మూలుగుతుంది, వారంలో కాలిపోతుంది. సీలు చవక, మోటారు కాదు. వర్షాకాలంలో బౌల్ ఆవిరి పొడి డబ్బా మూతి దాకా వెళ్లి పొడి ఉండ కడుతుంది, పొడిని తోసే స్క్రూ ఖాళీగా తిరుగుతుంది, కప్పులో వట్టి వేడినీళ్లు పడతాయి. ఆవిరి లాగే ఫ్యాను పనిచేస్తుందో లేదో అరచెయ్యి పెట్టి చూడాలి. నీళ్లు వదిలే సొలెనాయిడ్ వాల్వ్ చుక్కలు కారుస్తుంటే లోపల సున్నం చేరిందన్నమాట. బోరునీళ్లు పోసినచోట హీటరు మీద తెల్లటి పెంకు కడుతుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట ఉంచి, మూడు నాలుగు ట్యాంకుల మంచినీళ్లతో కడిగేస్తే చాలావరకు పోతుంది. పోకపోతే హీటరు మార్పు ఖర్చు రాసుకోండి. వెనక మూత తీస్తే పవర్ సప్లై బోర్డు దగ్గర వెచ్చదనానికి బొద్దింకలు చేరి ఉంటాయి. బోర్డు పోవడానికి చాలాసార్లు కారణం అవే.

మల్టీమీటరు ఒకటి జేబులో పెట్టుకుని సాయంత్రం ఆరు, ఏడు మధ్య ప్రతి పాయింటుకూ వెళ్లాను. తేరుబలి వైపు ఒకచోట 180 వోల్టులు వచ్చింది. 230 మీద 2 కిలోవాట్లు ఇచ్చే హీటరు 180 మీద 61 శాతమే ఇస్తుంది. రద్దీలో ఐదో కప్పు నుంచి టీ చల్లగా వస్తుంది. మెషిన్ చెడిపోయిందని మనకు ఫోను చేస్తారు, అక్కడ మెషిన్‌లో ఏ లోపమూ ఉండదు. ఇంకొకచోట 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టారు. 2 కిలోవాట్లు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, సాకెట్ నల్లబడి ఉంది. 16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగు లేకుండా ఆ చోటు తీసుకోనని చెప్పాను. తడిచేతులతో జనం ముట్టుకునే వస్తువు అది, దీనిలో సర్దుకోవడం లేదు.

మెషిన్ ఎవరిదో కూడా తేల్చుకోవాలి. పొడి అమ్మే సంస్థలు డిపాజిట్ తీసుకుని మెషిన్ ఇస్తుంటాయి. అలాంటిది అమ్మే హక్కు లైను నడిపేవారికి లేదు. ప్రతి మెషిన్ సీరియల్ నంబరును కొన్న బిల్లుతో సరిచూశాను. అన్నీ ఆయనవే. కానీ రెండు షాపుల నుంచి ఆయన తీసుకున్న డిపాజిట్ 3,000 చొప్పున ఉంది. రేపు ఆ షాపు మెషిన్ వద్దంటే ఆ డబ్బు ఇవ్వాల్సింది నేను. 6,000 మొదటి చెల్లింపులో కోసుకున్నాను.

ధర కట్టడానికి నేల, పైకప్పు, అంటే కింది హద్దు, పై హద్దు రెండూ కావాలి. నేల: రేపు లైను మొత్తం ఆగిపోతే మెషిన్లు ఎంతకు పోతాయి. క్యూఆర్‌వి నాలుగు 9,000 చొప్పున, పొడి పాయింట్లవి ఐదు 6,000 చొప్పున, షెడ్డులోవి రెండు విడిభాగాలకు 1,500 చొప్పున, మొత్తం 69,000. పైకప్పు: ఇదే లైను కొత్తగా వేస్తే ఎంత. తొమ్మిది కొత్త మెషిన్లు 22,000 చొప్పున 1,98,000, దాని మీద పాయింట్లు దొరికేదాకా తిరుగుడు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో పాయింట్ల గట్టితనం చెప్పాలి.

తొమ్మిది చోట్లకూ ఆయనతో కలిసి వెళ్లాను. వెళ్లాక ఆయన్ని బయట ఉండమని, షాపు వాళ్లతో విడిగా ఒకే మాట అడిగాను: "షావుకారు గారూ, మెషిన్ నా పేరు మీదకు మారితే ఏడాదికి కాగితం రాస్తారా?" ఆరుగురు రాస్తామన్నారు. ముగ్గురు "చూద్దాం లెండి" అన్నారు. ఆ మూడింటి మీద వచ్చే మార్జిను 4,200. అవి పోతే రిపేరు 1,050 తగ్గుతుంది గానీ కుర్రాడి జీతం తగ్గదు, పెట్రోలు పెద్దగా తగ్గదు. పాయింటు పోయినప్పుడు ఆదాయం పూర్తిగా పోతుంది, ఖర్చు కొంచెమే పోతుంది. ఈ ఒక్క సంగతి మరిచిపోయి సగటు వేసుకుంటే నష్టపోతాం. కాబట్టి ఆ మూడింటి విలువ నెలకు 3,150, గట్టివాటి విలువ 10,605.

పన్నెండు నెలలతో గుణించాను. మెషిన్లు మూడు నుంచి ఐదేళ్లవి, కాగితాలు ఏడాదికే, అంతకు మించిన నెలలకు ముందే డబ్బు ఇవ్వడం నాకు సరి అనిపించలేదు. గట్టివాటికి 1,27,260, అనుమానపు మూడింటికి 37,800. మొత్తం 1,65,060. విప్పని పొడి 40 కిలోలు ఉంది, కొన్న ధరకు 13,600. అన్నీ కలిపి 1,78,660, దాన్ని గుండ్రం చేసి 1,80,000కి ఖాయం చేసుకున్నాం. ఇచ్చే తీరు ఇలా: అప్పగించిన రోజు 1,00,000, 90 రోజులకు 41,000, అనుమానపు మూడింటిలో 90 రోజులు నిలిచిన ఒక్కోదానికి 13,000.

ఒప్పందం స్టాంపు కాగితం మీద ఒడియాలో టైపు చేయించి, తెలుగులో ఒక ప్రతి మా ఇద్దరి దగ్గరా ఉంచుకున్నాం. గొడవ వస్తే చదివేది ఇక్కడి వాళ్లు కాబట్టి ఒడియాలో ఉండాలి. సీరియల్ నంబర్లు, ఆ రోజు కౌంటర్ రీడింగులు, తాళాల సంఖ్య, సర్వీస్ మెనూ పాస్‌వర్డులు, ఏడాదిపాటు ఆ పాయింట్లలో ఆయన వేరే మెషిన్ పెట్టకూడదన్న మాట అందులో ఉన్నాయి. ఆహార వ్యాపారానికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదది నాకు పనికిరాదు, నా పేరు మీద వేరే తీసుకుని మెషిన్ల మీద నంబరు మార్చి అంటించాను. క్యూఆర్ మార్పును చివరికి వదలకండి. స్టిక్కరు పాతదే ఉంటే డబ్బు ఆయన ఖాతాకే పోతూ ఉంటుంది. పరికరాన్ని కొత్త ఖాతాకు కలిపి, ప్రతి మెషిన్ ముందూ నిలబడి పది రూపాయలు పంపి, కప్పు పడేదాకా చూసి, అప్పుడే మొదటి చెల్లింపు ఇచ్చాను.

90 రోజుల లోపు అనుమానపు మూడింటిలో ఒక షాపు మెషిన్ తీసెయ్యమంది. రెండు నిలిచాయి. వాటికి 26,000 ఇచ్చాను, మూడోదాని 13,000 ఇవ్వాల్సిన పని పడలేదు. ఆ మెషిన్‌ను సీలు మార్చి, సున్నం కడిగి, జేకేపూర్‌లో వేరేచోట పెట్టాను.