మెట్లు తుడిచే వారం

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కి వచ్చిన రెండో వారంలో మా తలుపుకి ఎవరో చిన్న చెక్క పలక తగిలించి పోయారు. దాని మీద 'కేర్‌వొఖె' అని రాసి ఉంది. మనల్ని ఆహ్వానిస్తూ పెట్టారేమోనని మురిసిపోయి, ఫొటో తీసి మా అమ్మకి కూడా పంపాను. మూడు రోజులయ్యాక పై అంతస్తు పెద్దావిడ తలుపు తట్టి, మెట్ల వైపు చూపించి, చీపురు ఊపుతున్నట్టు సైగ చేసింది. కేర్ అంటే ఊడవడం, వొఖె అంటే వారం. ఆ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు మాదన్నమాట. పని అయ్యాక పలకని పక్కింటి తలుపుకి తగిలించాలి. ఈ ప్రాంతంలో ఇది పాత అలవాటు. ఎవరింటి చెత్త వాళ్ళు వారం వారం ఎత్తిపోయాలని 1492 నాటి ఊరి కట్టుబాట్లలోనే ఉందట.

మా ఆయన మొదట నామోషీ పడ్డాడు. ఐదేళ్ళ మా అమ్మాయికి మాత్రం పండగే. బకెట్టు నాది, గుడ్డ నీది అని పంచేసింది. ఆదివారం డ్రిల్లింగ్ మిషన్ వాడకూడదని, ఆ రోజు గాజు సీసాలు వీధి డబ్బాలో వేయకూడదని మాకు చెప్పింది కూడా అదే. మేం పుస్తకాల్లో వెతుక్కునేవి దానికి కిండర్‌గార్టెన్‌లో ఆటల మధ్యే వచ్చేస్తున్నాయి.

ఒకసారి వాళ్ళ టీచర్‌తో, "రేపు మీ పుట్టినరోజటగా, శుభాకాంక్షలు" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. "అమ్మా, ముందే చెప్తే చెడు జరుగుతుందట!" అని అమ్మాయి నా చెయ్యి లాగింది. ఇన్ని నెలల్లో వివరణ అక్కర్లేకుండా నాకు అర్థమైన ఆచారం అదొక్కటే. దిష్టి! ఇంటికొచ్చాక దిష్టి అంటే ఏమిటో దానికి చెప్పబోయి, ఎండుమిరపకాయల పొగకి ఫైర్ అలారం మోగుతుందేమోనని మాటలతోనే సరిపెట్టాను.

నాకు మింగుడుపడనిది పిలుపుల సంగతి. జర్మన్‌లో మనలాగే 'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. ఆ మాట తెలిసి ఎంత ఊరట పడ్డానో! తీరా చూస్తే మా అమ్మాయి టీచర్‌ని పేరు పెట్టి పిలిచి, డూ అంటోంది. టీచర్‌ని నువ్వు అంటావా అని గదమాయించాను. అందరూ అలాగే అంటారంది. తర్వాత నెమ్మదిగా, "నువ్వు తాతయ్యని మీరు అంటావు, అమ్మమ్మని నువ్వు అంటావు. అమ్మమ్మంటే నీకు గౌరవం లేదా?" అని అడిగింది.

నిజమే. చిన్నప్పటి నుంచీ నాన్న మీరు, అమ్మ నువ్వు. ఎందుకని ఒక్కరోజు కూడా అనుకోలేదు. అమ్మ దగ్గర చనువు ఎక్కువని ఏదో చెప్పాను. "తాతయ్య దగ్గర చనువు లేదా?" అంది వెంటనే. కూరలో ఉప్పు చూడాలని లేచి వెళ్ళిపోయాను.

అది వదల్లేదు. ఆ ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మనే అడిగేసింది, "అమ్మమ్మా, నిన్ను మీరు అనమంటావా?" అని. మా అమ్మ ఒక్క క్షణం ఆగి, "మీరూ వద్దు గీరూ వద్దు. ఈ వారం మెట్లు మీ వంతా కాదా, అది చెప్పవే ముందు" అంది.