కరివేపాకు కంటే రెండు నెలల ముందే బయటికి

న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఇళ్లల్లో కుండీలో కరివేపాకు చెట్టు మామూలే. అక్టోబరులో చలి మొదలవగానే లోపలికి, మే నెలలో మదర్స్ డే దాటాక బయటికి. కుండీల విషయంలో నాకు తెలిసిన లెక్క అదొక్కటే. నాలుగేళ్ల కిందట నర్సరీలో రెండు సర్రసీనియా మొక్కలు కొన్నప్పుడు వాటికీ అదే లెక్క పెట్టాను. ఆకులే కూజాల్లా ఉండి, పురుగుల్ని పట్టి తినే కూజా మొక్కలవి. హైస్కూల్లో నెపంథిస్ అనే ఇంకో కూజా మొక్క బొమ్మ గీసి భాగాలు గుర్తించిన రోజుల నుంచీ అలాంటిది ఒకటి పెంచాలని నాకు ఆశ.

మొదటి చలికాలం వాటిని హాల్లో కిటికీ దగ్గర వెచ్చగా ఉంచాను. నెపంథిస్ అయితే అలా బతికేదేమో, అది వేడి ప్రాంతాల మొక్క. సర్రసీనియా అలా కాదు. ఉత్తర అమెరికా బురద నేలల్లో పుట్టింది. పగలు కురచై చలి ముదిరితే ఎదగడం ఆపేసి మూడు నాలుగు నెలలు నిద్రపోతుంది. ఆ నిద్ర లేకపోతే మట్టిలో అల్లంలా అడ్డంగా పాకే దుంప నీరసించిపోతుంది. మార్చి వచ్చేసరికి ఒక మొక్క కుళ్లిపోయింది. చాలా రోజులు బాధపడ్డాను.

మరో రెండు మొక్కలు తెచ్చి, రెండో ఏడు హీటర్ లేని గరాజ్‌లో పెట్టాను. నిద్ర బాగానే పట్టింది. తప్పంతా లేపే దగ్గర జరిగింది. ఇంకా మంచు కురుస్తుందేమోనన్న భయంతో మే దాకా బయటికి తియ్యలేదు. ఈలోగా గరాజ్ వెచ్చబడి ఆ చీకట్లోనే చిగుళ్లు వేశాయి. పాలిపోయి, సన్నగా, నిలబడలేక వాలిపోయే కూజాలు. కరివేపాకుతో పాటు వాటినీ ఎండలో పెడితే రెండు రోజుల్లో అంచులు మాడి గోధుమరంగుకు తిరిగాయి. చీకట్లో వచ్చిన ఆకు ఎండకు ఓర్చుకోలేదు, అదే ఆకు ఎండలోనే మొలిస్తే ఎంత వెలుగైనా తాగుతుంది. కాబట్టి చిగురు వెయ్యకముందే, చలి ఇంకా ఉండగానే బయటికి చేర్చాలి. కరివేపాకు పెంచిన చేతికి ఇది మింగుడుపడటం కష్టం.

ఈ ఏడు మార్చి రెండోవారంలోనే మొదలుపెట్టాను. ముందు కిందటేటి ఎండిన కూజాలు కత్తిరించాలి. నిలువునా చీల్చి చూస్తే లోపల ఈగల రెక్కలు, కందిరీగల డొల్లలు పొట్టులా నిండి ఉన్నాయి. కత్తెర మాత్రం నిదానంగా ఆడించాలి. దుంప కొన దగ్గర బఠాణీ గింజంత మొగ్గ దాగి ఉంటుంది. నా దగ్గరున్న వాటిలో ఫ్లావా అనే సర్రసీనియా రకానికి కూజాల కంటే ముందు పూలొస్తాయి. పుప్పొడి మోసే తేనెటీగలు కూజాల్లో పడకుండా ఈ వరస ఉపయోగపడుతుందంటారు. ఎంత తెలివైన ఏర్పాటో అనిపిస్తుంది నాకు.

మట్టి కూడా అప్పుడే మార్చాను. పీట్ మాస్ (బురద నేలల్లో పేరుకున్న నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం సగం, అంతే. ఎరువు కలిపిన పాటింగ్ మిక్స్ వేస్తే వేర్లు మాడిపోతాయి. సారం లేని నేలలో బతకడానికే ఇవి పురుగుల దారి పట్టాయి మరి. నీళ్లూ అంతే. మా కుళాయి నీళ్లలో, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే 180 చూపించింది, వీటికి 50 లోపు ఉండాలి. అందుకే చూరు కింద డ్రమ్ము పెట్టి వాన నీళ్లు పడుతున్నాను. కుండీల కింద పళ్లెంలో రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

దక్షిణం వైపు గోడ పక్కన, గాలి తగలని చోట నాలుగు రోజులు నీడలో ఉంచి, తర్వాత పూర్తి ఎండలోకి జరిపాను. రాత్రి 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పడుతుందంటే పాత దుప్పటి కప్పడం, అంతకంటే తగ్గుతుందంటే గరాజ్‌లోకి మొయ్యడం. ఏప్రిల్లో ఒక రాత్రి ఫోన్లో వాతావరణం చూడకుండా పడుకున్నాను. తెల్లారేసరికి పళ్లెంలో మంచు పలక, ఫ్లావా మొగ్గ ఒకటి నల్లబడి వేలాడుతోంది. దుంపకు మాత్రం ఏమీ కాలేదు. పది రోజుల్లో పక్కనుంచి కొత్త చిగురు పొడిచింది. ఇంకో బెడద ఉడతలు. మెత్తటి పీట్ కనబడితే చాలు తవ్విపోస్తాయి. కోళ్లగూటి వల చుట్టాకే ఆగాయి.

పర్పూరియా అనే ఇంకో సర్రసీనియా రకానికి ఈ మోత అక్కర్లేదు. అది ఈ నేల మొక్కే. మాకు దక్షిణాన పైన్ బ్యారెన్స్ అడవిలో వెబ్స్ మిల్ బురద నేల మీద చెక్క దారి ఉంది. అక్కడ నాచు మధ్య ఎర్రటి కూజాలు నేలకు ఆనుకుని ఉండటం కళ్లారా చూశాను. అక్కణ్ణించి తీసుకురాకూడదు, చూసి రావడమే. మా ఇంటి పర్పూరియా పైన్ ఆకుల కింద చలికాలమంతా బయటే గడిపింది.

మే మొదటివారంలో మిగిలిన ఫ్లావా మొగ్గ విచ్చింది. తిరగేసిన గొడుగులా పసుపు పువ్వు, వాసన మాత్రం పిల్లి మూత్రంలా ఉంటుంది. నాకు అదీ ముద్దే. కూజాలు ఒక్కొక్కటే మూత తెరుస్తున్నాయి.

అప్పుడే తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య కరివేపాకు చెట్టును బయట పెట్టించి, అలవాటుగా పులిసిన మజ్జిగ పోస్తూ ఇటు తిరిగారు.

"వీటికీ కాస్త పొయ్యనా అమ్మా?"

"వద్దత్తయ్యా, వీటికి వాన నీళ్లే. మజ్జిగ పోస్తే చచ్చిపోతాయి."

"మరి తిండో?"

కూజా అంచు మీద నడుస్తున్న ఈగను చూపించాను. అది కాలుజారి లోపలికి పోయేదాకా ఇద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఆవిడే కరివేపాకు కుండీని మూడడుగులు అవతలికి జరిపించారు, మజ్జిగ చింది వీటి మీద పడకుండా.