అక్కడ తెల్లవారే ముందు పది నిమిషాలు

మా ఫ్యాక్టరీలో షిఫ్టుల చార్టు నెల మొదలవడానికి పది రోజుల ముందే గోడ మీద అంటిస్తారు. అందరూ సెలవులు ఎప్పుడొచ్చాయా అని చూసుకుంటారు. నేను చలికాలంలో మధ్యాహ్నం షిఫ్టు ఏ వారాల్లో పడిందో చూసుకుంటాను. ఆ షిఫ్టు రాత్రి పదింటికి అయిపోతుంది. పదకొండున్నరకల్లా హ్యామ్ రేడియో ముందు కూర్చోవచ్చు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా దూరాలవాళ్లతో మాట్లాడుకునే సొంత రేడియో. ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండుంపావు అయ్యేసరికి మన దేశంలో తెల్లవారుతుంది. దానికి ముందు పది నిమిషాలు అక్కడి సిగ్నల్ చిక్కబడుతుంది, వాటి కోసమే నా ఆరాటమంతా.

నేనుండేది స్వీడన్ పడమటి తీరం, మెయింటెనెన్స్ పని. 2019 చివర్లో వచ్చాను. డిసెంబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది, మళ్లీ ఉదయం తొమ్మిది కావస్తుంటే గానీ వెలుతురు రాదు. మొదటి నెల ఆ చీకటికి గుండె బరువెక్కేది. డ్యూటీకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. అలాంటి రోజుల్లో మా సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన పొలం దగ్గరున్న హ్యామ్ రేడియో గదికి తీసుకెళ్లి, 160 మీటర్ల బ్యాండ్ మీద హెడ్‌ఫోన్లు పెట్టాడు. సముద్రాలకు అవతలి నుంచి చుక్కలూ గీతలుగా పంపే మోర్స్ చప్పుళ్లు వినపడుతున్నాయి. "ఈ చీకటి లేకపోతే ఇవేవీ రావు" అన్నాడు. ఆ తర్వాత నేనూ ఇక్కడి పరీక్ష రాసి కాల్‌సైన్, అంటే గాలిలో నన్ను గుర్తుపట్టే పేరు, తెచ్చుకున్నాను.

ఆయన అన్న మాటకు కారణం మన తల మీద 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. పగలు సూర్యకిరణాలు తగిలి అక్కడి గాలిలో ఎలక్ట్రాన్లు విడిపోతాయి. దాన్నే డీ పొర అంటారు. కింది నుంచి వెళ్లిన రేడియో తరంగం ఆ ఎలక్ట్రాన్లను ఊపుతుంది. అవి గాలి అణువులకు గుద్దుకుని, తరంగం ఇచ్చిన శక్తిని వేడిగా పోగొడతాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఈ నష్టం బాగా పెరుగుతుంది కాబట్టి, 1.8 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఈ 160 మీటర్ల బ్యాండ్‌లో, పగటిపూట దూరపు సిగ్నల్ పైపొరలు చేరకముందే ఆవిరైపోతుంది. పొద్దుగుంకాక డీ పొర త్వరగానే చెదిరిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి వెళ్లి, అక్కడి పొరలకు తగిలి, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. 1902లో మార్కోనీ ఫిలడెల్ఫియా అనే ఓడలో అట్లాంటిక్ దాటుతూ ఇదే గమనించాడు. పగలు 700 మైళ్లకే ఆగిపోయిన సిగ్నల్ రాత్రి 2,000 మైళ్లు దాటినా అందింది. అప్పటికి పైపొరల సంగతి ఎవరూ తేల్చలేదు.

కాబట్టి నాకు రెండు చోట్లా ఒకేసారి చీకటి ఉండాలి. ఇక్కడికీ మన దక్షిణాదికీ దాదాపు 7,000 కిలోమీటర్లు. డిసెంబర్‌లో ఇక్కడ మూడున్నరకు పొద్దుగుంకినప్పటి నుంచి అక్కడ తెల్లవారేదాకా పదిన్నర గంటలకు పైగా దారంతా చీకటే. జూన్‌లో ఇక్కడ రాత్రి పదింపావుకు గానీ పొద్దు గుంకదు, రెండు దాటేసరికి అక్కడ ఎండ వచ్చేస్తుంది. మిగిలేది నాలుగు గంటలు. అవి కూడా నికరమైన చీకటి కాదు. జూన్ నెల నడిరాత్రి సూర్యుడు ఇక్కడి క్షితిజానికి తొమ్మిది డిగ్రీలే కిందుంటాడు. నేల మీద వెలుతురు లేకపోయినా, 80 కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిని ఎండ తాకుతూనే ఉంటుంది.

ఇక పిడుగుల సంగతి. ప్రపంచమంతటా సెకనుకు 40కి పైగా మెరుపులు మెరుస్తుంటాయి, వాటి రేడియో చప్పుడు కూడా మన సిగ్నల్ వెళ్లే దారిలోనే వెళ్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నాకు ఇక్కడ బ్యాండ్ ప్రశాంతంగా ఉన్నా, మన దేశంలో వినే మనిషికి చెవులు పగిలే స్టాటిక్, అంటే పిడుగుల గరగర. అక్కడి నుంచి నాతో తరచూ మాట్లాడే ఒకాయన ఉన్నారు, వయసులో నాకన్నా చాలా పెద్ద, ఇంతవరకు ముఖాముఖి చూసుకోలేదు. ఒక మే నెలలో ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, నువ్వు పిలుస్తున్నావని నాకు తెలుసు. నీ సిగ్నల్ పిడుగుల కింద నలిగిపోతోందయ్యా. చలికాలం రానీ." అదే జూన్‌లో భూమధ్యరేఖకు దక్షిణాన చలికాలం. అక్కడివాళ్లకు బ్యాండ్ నిశ్శబ్దంగా ఉంటుంది. ఉత్తర దక్షిణాల మధ్య మాట్లాడుకోవడానికి మార్చి, సెప్టెంబర్ నెలలు అనుకూలం, రెండు వైపులా రాత్రి సమానంగా ఉంటుంది గనక. కానీ సూర్యుడి వల్ల వచ్చే అయస్కాంత తుఫానులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. ఉత్తరాన ఉన్న మాకు అది పెద్ద టెన్షన్.

అద్దె ఇంట్లో ఇవన్నీ కుదరలేదు. లిఫ్టు మోటారు, చార్జర్లు, ఎల్ఈడీ లైట్లు కలిసి బ్యాండ్ నిండా గరగరమనేవి. పెద్దాయన పొలం అంచున బిర్చ్ చెట్ల వెంట, మనిషి ఎత్తున 170 మీటర్ల తీగ లాగాం, ఒక చివర తూర్పు వైపు ఉండేలా. దీన్ని బెవరేజ్ యాంటెన్నా అంటారు, వినడానికి మాత్రమే పనికొస్తుంది. సిగ్నల్‌ను పెద్దగా చెయ్యదు, మిగతా దిక్కుల చప్పుడును తగ్గిస్తుంది. బలహీనమైన సిగ్నల్‌కు కావాల్సింది అదే. అక్టోబర్‌లో కోతలు అయ్యాక కట్టి, దుక్కి మొదలయ్యేలోపు చుట్టేస్తాం.

ఒక జనవరి రాత్రి ఒంటిగంటన్నరకు హఠాత్తుగా అన్నీ మూగబోయాయి. బయట మైనస్ 14. తలకు లైటు కట్టుకుని తీగ వెంట నడిచాను. తొంభై అడుగుల దగ్గర మంచులో పెద్ద గిట్టల గుర్తులు. ఎల్క్ అనే ఇక్కడి భారీ దుప్పి దాటుకుంటూ వెళ్లి తీగ తెంపేసింది. గ్లవ్స్ తీసి రెండు కొసలు మెలిపెట్టేసరికి వేళ్లు మొద్దుబారాయి. తిరిగొచ్చేసరికి 2.04. హెడ్‌ఫోన్లలో సన్నగా, వెంట్రుకంత మోర్స్ స్వరం. మన దేశంలోని ఆ పెద్దవారిదే. 2.09కి స్వరం చిక్కబడింది, ప్రతి చుక్కా గీతా విడిగా వినపడుతోంది. నా కాల్‌సైన్ రెండుసార్లు పంపాను. తిరిగి అదే కాల్‌సైన్, నా సిగ్నల్ ఎలా అందిందో చెప్పే రిపోర్టుతో సహా వచ్చింది. 2.20కి మళ్లీ పలచబడింది. 2.30కి అక్కడ ఎండ, ఇక్కడ ఉత్త గాలి చప్పుడు.

అన్ని చలికాలాలూ ఇలా ఉండవు. నేను వచ్చిన డిసెంబర్‌లోనే సూర్యుడి మీద మచ్చలు పెరిగి తగ్గే 25వ చక్రం మొదలైంది, ఆ మచ్చలు అతి తక్కువగా ఉన్న కాలం. 160 మీటర్ల లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లకు అంతకు మించిన రోజులుండవు. నేను ఎప్పుడూ అలాగే ఉంటుందనుకున్నాను. తర్వాత సూర్యుడి ఉధృతి పెరుగుతూ వచ్చింది. 2024 మే 10 రాత్రి అలాంటి అయస్కాంత తుఫానుతో ఆకాశంలో అరోరా అనే రంగుల వెలుగు లడఖ్‌లోని హాన్లే దాకా కనపడింది. మావాళ్లంతా ఫొటోలు తీసుకుంటుంటే నా బ్యాండ్ మీద ఒక్క సిగ్నల్ లేదు.

ఇక్కడికి దగ్గర్లోనే గ్రిమెటన్ అనే పాత రేడియో స్టేషన్ ఉంది. 127 మీటర్ల టవర్లు ఆరు, 17.2 కిలోహెర్ట్జ్, 1924 నుంచి అమెరికాకు టెలిగ్రాములు పంపింది. అందులో తరంగాలు పుట్టించే తిరిగే మెషీన్ రూపొందించిన అలెగ్జాండర్సన్ స్వీడన్ నుంచి వెళ్లి అమెరికాలో ఉద్యోగం చేసుకున్న ఇంజనీరు. అంత తక్కువ ఫ్రీక్వెన్సీని డీ పొర మింగదు, పైకప్పులా నిలబడి కిందికి తిప్పి పంపుతుంది. అందుకే దానికి పగలూ రాత్రీ పెద్ద తేడా లేదు. ఏటా డిసెంబర్ 24 ఉదయం దాన్ని తిప్పుతారు, ఆ రోజు డ్యూటీ లేకపోతే తప్పక వింటాను.

నవంబర్ చార్టు నిన్న అంటించారు. మధ్యాహ్నం షిఫ్టు రెండు వారాలు పడింది. శనివారం తీగ కట్టాలి, నిచ్చెన గోడకు ఆనించి ఉంచుతానన్నాడు పెద్దాయన.