వంశధార మొగలో ఉప్పు లెక్క: అక్టోబరు నుంచి మే దాకా

వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నీటిలో ఉప్పెంతో నెలనెలా కొలిచే ఈ పనికి పెద్ద సామానేం అక్కర్లేదు. రొయ్యల చెరువుల వాళ్లు వాడే చేతి రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి నీటిలో ఉప్పెంతో చూపించేది), థర్మామీటర్, పది సెంటీమీటర్లకో గీత పెట్టిన వెదురు గడ, నైలాన్ తాడు, అరలీటరు సీసా, పెన్సిలు, నోటుబుక్కు. పెన్నయితే తడికి అలుక్కుపోతుంది. ఆదివారం తెల్లారకట్ల శ్రీకాకుళంలో బండి తీస్తే ఎండెక్కేలోపు కళింగపట్నంలో పని తెమిలిపోతుంది.

రిఫ్రాక్టోమీటర్ కొన్నంత మాత్రాన నమ్మకూడదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి సున్నా సరిచూడాలి. అక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. పై కొస కూడా చూడాలి: 36.5 గ్రాముల మామూలు ఉప్పు 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే గీత 35 దగ్గర నిలవాలి. 35 గ్రాములే వేస్తే సరిపోదు, ఎందుకంటే సముద్రపు ఉప్పు, వంటింటి ఉప్పు కాంతిని ఒకేలా వంచవు. ఎంత సరిచూసినా ఒకటి అటూఇటూ తేడా ఉంటుంది, దశాంశాలు రాయడం శుద్ధ దండగ.

సముద్రపు నీళ్లలో కిలోకు సగటున 35 గ్రాముల ఉప్పు అని పుస్తకాల్లో ఉంటుంది. బంగాళాఖాతం ఆ లెక్కకు లొంగదు. అక్టోబరులో మొగకు బాగా దూరంగా, ఒడ్డున కెరటాల్లో ముంచిన నీళ్లు 26 చూపించాయి. ఇదంతా వంశధార చలవే అనుకోవడం తేలిక. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి సముద్ర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగా బ్రహ్మపుత్రలు, మహానది వానాకాలంలో గుమ్మరించిన మంచినీళ్లలో కొంత భాగం అలా మన ముందునుంచే దిగుతుంది. ఫిబ్రవరి నుంచి ప్రవాహం దిశ మారి ఉత్తరానికి తిరుగుతుంది. మేలో అదే చోట 34 వచ్చింది.

ఉప్పు తక్కువైన ఆ తేలిక నీటి పొర పైన మూతలా కూర్చుంటే గాలి ఎంత వీచినా అడుగునున్న చల్లనీరు అంత సులువుగా పైకి రాదు, పైనీరు వెచ్చగానే ఉండిపోతుంది. వానలయ్యాక వచ్చే తుపాన్లకు బంగాళాఖాతంలో బలం చిక్కడానికి ఇదొక కారణం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని చూసినవాళ్లకు ఆ నెల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఒడ్డున ప్రవాహం కొలవడానికి బత్తాయి విసురుతాను. అది దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలి పెద్దగా నెట్టదు. ఎండు కొబ్బరికాయ పనికిరాదు, సగం పైనే ఉండి గాలికి కొట్టుకుపోతుంది. ఇసుకలో ఇరవై మీటర్ల దూరాన రెండు కర్రలు పాతి, కాయ ఆ దూరం దాటడానికి పట్టిన సెకన్లు చూడాలి. యాభై సెకన్లు పడితే సెకనుకు 0.4 మీటర్లు. అయితే ఇది కెరటాలు ఏటవాలుగా ఒడ్డును కొట్టడం వల్ల పుట్టే ప్రవాహం. పైన చెప్పిన పెద్ద ప్రవాహంతో దీన్ని కలిపి మాట్లాడకూడదు. రెండూ ఒకే రోజు ఎదురుబొదురుగా నడవొచ్చు.

అసలు సరుకు మొగ లోపల ఉంది. గోధూళికి వలలు సర్దుకుంటున్న ఒక తాతను, లోపల ఉప్పు ఎంతవరకు వస్తుందని అడిగాను. ‘‘ఏటి మేస్టారూ, పైన నీరు ఏరు, కింద నీరు సముద్రం. వల దింపితే పైన బెండ్లు అటు పోతాయి, కింద గుండ్లు ఇటు లాగుతాయి’’ అన్నాడు. దాంతో సీసా తయారుచేశాను. అరలీటరు సీసాకు అరకిలో పైన సీసం గుండ్లు కట్టాలి, లేకపోతే లోపలి గాలికి మునగనే మునగదు. రబ్బరు బిరడాకు వేరే దారం. సీసా అడుగుకు చేరాక దారాన్ని ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడుతుంది. బుడగలు ఆగాక చకచకా లాగేయాలి, తీరిగ్గా లాగితే పైనీరు కలుస్తుంది. జనవరిలో పడవ మీంచి రెండు మీటర్ల లోతున్న చోట తీస్తే పైన 9, అడుగున 29. తాత మాట అంకెల్లో కనిపించింది.

ఈ అంకెలు కూడా గంటగంటకూ మారతాయి. అందుకే వెదురు గడ. దాన్ని కెరటాలు తగలని చోట పాతి పావుగంటకోసారి నీటి మట్టం రాస్తాను. ఫోనులో చూపించే విశాఖ పోటు సమయానికి లోపలి గడ మీద పోటు రాదు. ఇసుకదిబ్బల మధ్య ఇరుకు దారిలోంచి నీరు రావాలి కదా, అరగంట పైనే ఆలస్యం. మట్టం దిగడం మొదలయ్యాక కూడా అడుగున ఉప్పునీరు కాసేపు లోపలికే వస్తూ ఉంటుంది. రోజుకు రెండు పోట్లు, మర్నాటికి యాభై నిమిషాలు ఆలస్యం. పున్నమి, అమావాస్యలు దాటాక పోటుకూ ఆటుకూ తేడా మీటరు దాటుతుంది, అష్టమి తర్వాత చప్పగా ఉంటుంది. ‘ఉదయం ఏడు గంటలు, 22’ అని రాసుకుంటే అందులో ఏమీ లేదు. ‘పోటెక్కి గంటన్నర, అమావాస్య మూడోరోజు, అడుగు’ అని పక్కన ఉంటేనే మరో నెల అంకెతో పోల్చగలం. మేలో ఏటిలో ప్రవాహం సన్నబడ్డాక పై పొరే దాదాపు మాయమైంది, పైన 30, అడుగున 33.

కెరటాల సంగతి క్లుప్తంగా: పదకొండు శిఖరాలు దాటడానికి పట్టిన సమయాన్ని పదితో భాగిస్తే కాలవ్యవధి వస్తుంది. అయిదారు సెకన్లయితే దగ్గరి గాలి కెరటం. పన్నెండు సెకన్లయితే దాని శక్తి లోతు నీళ్లలో గంటకు సుమారు 34 కిలోమీటర్ల చొప్పున నడిచి వచ్చినట్టు. అలాంటి కెరటం దూరాన దక్షిణ మహాసముద్రపు తుపానులో పుడితే మన ఒడ్డుకు చేరడానికి వారం పైనే పడుతుంది.

జూన్‌లో విజయనగరం వైపు, చంపావతి కలిసే కోనాడ దగ్గర ఇదే చేయాలనుంది. అక్కడ ఏరు చిన్నది, పడవ లేకుండా గట్టు మీంచే సీసా విసరొచ్చేమో చూడాలి. గుండ్లు ఇంకో పావుకిలో కొనాలి.