లిపిడ్ రిపోర్టులో ఎల్‌డీఎల్ ఒక్కటే చూడకండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లలో చాలామంది ఏటా ఆఫీసు హెల్త్ చెకప్ చేయించుకుంటారు. రిపోర్టు రాగానే కళ్లు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మీదికే పోతాయి. చాలా ల్యాబుల్లో ఆ అంకె నేరుగా కొలిచింది కాదు, లెక్కగట్టింది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్స్‌లో (రక్తంలోని మరో రకం కొవ్వు) అయిదో వంతునీ తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రమిది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పనికిరాదు. అంతకు ముందునుంచే ఎల్‌డీఎల్‌ని తక్కువ చేసి చూపిస్తుంది.

మొత్తం 210, హెచ్‌డీఎల్ 35, ట్రైగ్లిజరైడ్స్ 300 అనుకోండి. ఎల్‌డీఎల్ 115 వస్తుంది, పర్లేదనిపిస్తుంది. కానీ 210లోంచి 35 తీసేస్తే నాన్-హెచ్‌డీఎల్ 175, అంటే ఎక్కువే! కొవ్వును మోస్తూ రక్తనాళాల గోడల్లో పేరుకునే కణాలన్నిటి కొలెస్ట్రాలూ అందులోనే ఉంటుంది. షుగరు, పొట్ట ఉన్నవాళ్లలో తరచూ ఇదే తీరు. అందుకే ఎవరి రిపోర్టయినా నేను ముందు ఈ తీసివేతే చేస్తాను.

జ్వరం తగ్గిన వెంటనే పరీక్ష వద్దు, ఎల్‌డీఎల్ తగ్గి కనిపిస్తుంది. ఎల్‌డీఎల్ ఎక్కువొస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చూడాలి. థైరాయిడ్ మందగించినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే లైపోప్రోటీన్-ఎ (ఎల్‌డీఎల్ లాంటిదే మరో కణం) పరీక్ష ఒక్కసారైనా చేయించండి. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. మామూలు లిపిడ్ ప్రొఫైల్లో అది ఉండదు, డాక్టరునడిగి విడిగా రాయించుకోవాలి.