తొందర ఎవరికి?

మీ తెలుగువాళ్లకు అన్నింటికీ తొందరే అని మా పాత టైమ్‌కీపర్ మొన్న నలుగురిలో అనేశాడు. ఒడియా మనిషి, నాకన్నా పెద్ద, భాయి అని పిలుస్తాను. నేనన్నదల్లా పీఎఫ్ పింఛను ఈ ఏడాదే పెట్టుకుంటానని. రాయగడ వచ్చి సగం జీవితం గడిచింది, ఇక్కడి అమ్మవారు మజ్జిగౌరికి మొక్కులు తప్పలేదు, అయినా నేను ఇంకా ‘మీ తెలుగువాళ్ల’లో ఒకణ్ణే!

ఆ మాట పట్టుకుని రాత్రంతా లెక్కలు వేశాను. 58 నిండితే పూర్తి పింఛను. పదేళ్ల సర్వీసు ఉండి పని మానేసినవాడు 50 దాటాక ఎప్పుడైనా అడగవచ్చు, కానీ 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం కలుపుతారు. భాయి ఆగాడు. ఆగగలిగాడు అనాలి. ఊళ్లో వరిపొలం, ఇంట్లో కొడుకు జీతం ఉన్నవాడికి ఓపిక సులభం.

నాకు 57 నిండాయి, ఫ్యాక్టరీ పని మానేశాను. పూర్తి పింఛను 100 రూపాయలనుకుంటే, ఇప్పుడు తీసుకుంటే నెలకు 96. ఏడాదిలో 1,152 చేతికొస్తాయి. 58 తర్వాత నెలకు 4 నష్టం. ఆ 1,152 కరిగిపోవడానికి 288 నెలలు, అంటే 24 ఏళ్లు పడుతుంది. అప్పటికి నాకు 82! పైగా ఈ పింఛనుకు కరువు భత్యం లేదు. ధరలు పెరిగినా అది పెరగదు. ఇప్పటి 96కు వచ్చే బియ్యం రేపటి 100కు వస్తుందా? ఇది తొందరా, భాయీ?

మా పార్వతీపురం వైపు 60 దాటినవాళ్లకు ఆంధ్ర ప్రభుత్వం నెలకు 4,000 ఇంటికి తెచ్చి ఇస్తోంది. ఫోనులో మా అక్క ఆ మాట చెప్పినప్పుడల్లా ఒడిశాలో తీసుకున్న నా రేషన్ కార్డు మీద కోపం వస్తుంది. ఎవరు రమ్మన్నారు నన్ను ఇక్కడికి?

భాయి మరో మాట కూడా అన్నాడు: “మీ ఆవిడను అడిగావా?” అడగలేదు. నా తర్వాత ఆమెకు వచ్చేది నా పింఛనులో సగం. నాకు 4 తగ్గితే ఆమెకు 2 తగ్గుతుంది. లెక్క ప్రకారం అక్కడా నాదే పైచేయి. అయినా ఆమె నాకన్నా ఆరేళ్లు చిన్న, వాళ్లింటి ఆడవాళ్లు తొంభై దాటందే కదలరు.

చివరికి అడిగాను. ముందా వెనకా అన్నది ఆమె పట్టించుకోలేదు. పింఛను దరఖాస్తు 10డి ఫారాన్ని పదవ తరగతి పిల్లలా చివరిదాకా చదివి, ఇద్దరం కలిసి దిగిన ఫోటో కావాలట అంది. తర్వాత ఆధార్ పక్కన పెట్టి చూపించింది. అందులో ఇంటిపేరు ముందు, పీఎఫ్ కాగితాల్లో చివర. ఇప్పుడు ముందు ఆ పేరు సరిచేయించాలి. భాయికి పీఎఫ్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారు.