మా పెరట్లో ఇంకుడు గుంత

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా బోరు అడుగంటింది. మోటారు వేస్తే ఐదు నిమిషాలు నీళ్లు, ఆ తర్వాత గాలి. హైదరాబాద్ శివార్లలోని మా వీధంతా పొద్దున లేస్తే ట్యాంకర్ కోసం ఫోన్లే. అలాంటిది వాన పడితే మాత్రం డాబా మీది నీళ్లన్నీ పైపులోంచి రోడ్డు మీదికి పోయేవి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 930 లీటర్లు! ఈ లెక్క తెలిశాక ఆ పైపు వైపు చూడలేకపోయాను.

ఆ నీళ్లను భూమిలోకి ఇంకించే గుంత తవ్వడానికి మే నెలలో నేనూ మా బావమరిదీ పలుగూ పారా పట్టుకున్నాం. బోరుకు దగ్గరగా, ఇంటి పునాదికి పది అడుగుల ఎడంగా చోటు చూసుకున్నాం. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. మొదటి రెండడుగులూ ఇల్లు కట్టినప్పుడు నింపిన మట్టి, ఇటుక ముక్కలు. ఆ కింద మొరం. ఒక్కో పోటుకు గుప్పెడు పెళ్ల లేచేది, అంతే.

రెండో రోజు ఒక పక్క మట్టి జారి గుంతలో పడింది. మా బావమరిది నీళ్లు తాగడానికి అప్పుడే పైకొచ్చాడు. నా గుండె ఆగినంత పనైంది. తవ్విన మట్టిని అంచునే కుప్ప పోయడం మా తప్పు, ఆ బరువుకే అది జారింది. కుప్పను దూరంగా తోసి, పైనున్న వదులు మట్టిని నాలుగు వైపులా ఏటవాలుగా చెక్కేశాం. అప్పటినుంచి ఒకరు లోపలుంటే ఇంకొకరు పైనే ఉండాలని గట్టిగా అనుకున్నాం.

నింపే ముందు అడుగున ఐదారు బకెట్లు పోసి చూశాను, సాయంత్రానికల్లా ఇంకిపోయాయి. అప్పుడు రెండడుగులు పిడికిలంత రాళ్లు, అడుగున్నర 40 ఎంఎం కంకర, అడుగు 20 ఎంఎం కంకర, అరడుగు దొడ్డు ఇసుక, పైన అడుగు ఖాళీ. కంకరంతా కడిగే పోశాం.

మృగశిర కార్తెలో మొదటి వాన. పరుగెత్తి వెళ్లి చూస్తే గుంత నిండి, నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. తెల్లారాక చేయి పెట్టాను. ఇసుక మీద వేలి మందాన బురద, కుమ్మరి మట్టిలా నున్నగా ఉంది. డాబా మీది దుమ్మూ, ఎండాకులూ ఇసుక రంధ్రాలన్నీ మూసేశాయి.

పై ఇసుక తీసేసి కొత్తది పోశాం. గుంతకు ముందు ఇటుకలతో రెండడుగుల తొట్టి కట్టాను. నీళ్లు ముందు అందులో పడతాయి. ఒండ్రు అడుగున పేరుకుంటుంది, పై అంచున జాలీ కట్టిన పైపులోంచి తేటనీళ్లు గుంతలోకి పోతాయి. ఇప్పుడెవరు అడిగినా ముందు తొట్టి గురించే చెబుతున్నాను. బట్టలుతికిన నీళ్లు, బాత్రూం నీళ్లు మాత్రం దాంట్లోకి అస్సలు వదలొద్దు.

మరుసటి ఏప్రిల్‌లో బోరు అరగంట పోసింది. ఆ ఏడు వానలూ బాగా పడ్డాయి కాబట్టి అంతా ఈ గుంత వల్లేనని చెప్పను. మొన్న తొట్టి కడిగితే రెండు తట్టల ఒండ్రు వచ్చింది. పారేయబోతుంటే "ఆగు బిడ్డా" అని అమ్మ ఆపి, తీసుకెళ్లి మల్లె మొదట్లో వేసింది.